లౌండ్స్ కౌంటీ ఓటర్ల పుస్తకం

ముందుగా నాలుగు అంకెలు. 1965 మొదట్లో అలబామా రాష్ట్రంలోని లౌండ్స్ కౌంటీలో ఓటు వయసు వచ్చిన తెల్లవాళ్ళు సుమారు 1,900 మంది. ఓటర్ల పుస్తకంలో ఉన్న తెల్లవాళ్ళ పేర్లు 2,240. అదే కౌంటీలో ఓటు వయసు వచ్చిన నల్లవాళ్ళు 5,122 మంది. పుస్తకంలో వాళ్ళ పేర్లు సున్నా.

రోజూ డేటాబేసులతో కుస్తీ పట్టేవాడిగా ఈ అంకెలు చూడగానే నా దృష్టి మొదట 2,240 మీదకి పోయింది. నూటికి నూటపద్దెనిమిది మంది ఓటర్లు ఎలా ఉంటారు? జవాబు తేలికే. అలబామాలో ఒకసారి నమోదైతే ఆ పేరు అలాగే ఉండిపోయేది. చచ్చిపోయినవాళ్ళనీ, ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళనీ తీసేసే పని ఎవరూ పెట్టుకోలేదు. అది అశ్రద్ధ. కాస్త ఆలోచిస్తే అసలు వింత అంకె 2,240 కాదు, సున్నా. అశ్రద్ధ వల్ల సున్నా రాదు. ఐదువేల మందిలో చదువు లేనివాళ్ళుంటారు, భయపడేవాళ్ళుంటారు, ఓటు మనకెందుకులే అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళందరినీ తీసేసినా పదిమందో పాతికమందో మిగలాలి. ఒక్కరు కూడా మిగలకుండా చెయ్యాలంటే ఎవరో పూనుకుని పనిచేసి ఉండాలి, అదీ ఏళ్ళ తరబడి. ఆ పని ఎలా జరిగిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లౌండ్స్ కౌంటీ సెల్మాకీ, రాష్ట్ర రాజధాని మాంట్‌గామరీకీ మధ్యన ఉంది. ఈ ప్రాంతాన్ని బ్లాక్ బెల్ట్ అంటారు. ఆ పేరు మొదట నల్లరేగడి నేలని చూసి పెట్టింది. మన గుంటూరు, కర్నూలు వాళ్ళకి నల్లరేగడికీ పత్తికీ ఉన్న సంబంధం చెప్పక్కరలేదు. పత్తి కోసం బానిసలని తెచ్చారు, తరవాత ఆ పేరు మనుషులకీ సరిపోయింది. 1960 జనాభా లెక్కల్లో కౌంటీ జనం 15,417. నూటికి ఎనభైమందికి పైగా నల్లవాళ్ళు. భూమి మాత్రం తొంభై శాతం ఎనభై ఆరు తెల్ల కుటుంబాల చేతిలో ఉండేదని చెబుతారు.

అయితే ఈ సున్నా మొదటినుంచీ ఉన్నది కాదు. చాలామందికి తెలియని సంగతి ఇదే. అంతర్యుద్ధం ముగిశాక, 1867లో కాంగ్రెసు చేసిన చట్టాల కింద దక్షిణాది రాష్ట్రాల్లో సైన్యం పర్యవేక్షణలో ఓటర్ల నమోదు జరిగింది. అలబామాలో రిజిస్ట్రార్ల బోర్డుకి ముగ్గురు సభ్యులు, అందులో ఒకరు నల్లవాడు. ఆ ఏడాది నమోదైనవాళ్ళలో తెల్లవాళ్ళు 61,295 మంది, నల్లవాళ్ళు 1,04,518 మంది. అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళకి ఓటు రావడానికి ఇంకా యాభై ఏళ్ళు పైనే పట్టింది.

ఆ 1867 నాటి పుస్తకాలు అలబామా రాష్ట్ర పురాలేఖ భాండాగారంలో ఈనాటికీ ఉన్నాయి. పేరు, జాతి, కౌంటీ, ఎంతకాలంగా అక్కడ ఉంటున్నాడు వంటి వివరాలు వాటిలో కనిపిస్తాయి. వంశవృక్షాలు వెతుక్కునే నల్లజాతి కుటుంబాలకి ఇవి ప్రాణంతో సమానం. ఎందుకంటే 1860 జనాభా లెక్కల్లో బానిసలకి పేర్లు లేవు. యజమాని పేరు రాసి దాని కింద వయసు, ఆడా మగా, రంగు రాసి ఊరుకున్నారు, పశువుల లెక్క రాసినట్టు. విముక్తి పొందిన మనుషులు ఇంటిపేరుతో సహా కనిపించే జనాభా లెక్కలు 1870వి. అంతకు మూడేళ్ళ ముందే ఓటర్ల పుస్తకంలో వాళ్ళ పేర్లున్నాయి. ఎంతోమంది పూర్తి పేరు ప్రభుత్వ కాగితం మీదకి ఎక్కడం అదే మొదటిసారి.

ఆ తరవాత కథ వేగంగా దిగజారింది. 1870లలో సైన్యం వెనక్కి వెళ్ళింది, పాత భూస్వాములు తిరిగి అధికారంలోకొచ్చారు. కాని నల్లవాళ్ళ పేర్లు పుస్తకంలోంచి వెంటనే తీసెయ్యలేదు. తీసెయ్యక్కరలేకపోయింది. బ్లాక్ బెల్ట్ కౌంటీల్లో నల్లవాళ్ళ ఓట్లని భూస్వాములే తమకి కావలసినట్టు లెక్క రాసుకునేవారు. కొండప్రాంతాల పేద తెల్ల రైతులు వాళ్ళ మీద తిరగబడి ఎన్నికల్లో నిలబడ్డప్పుడల్లా బ్లాక్ బెల్ట్ నుంచి కట్టలు కట్టలుగా ఓట్లొచ్చి వాళ్ళని ముంచేసేవి. అంటే నల్లవాడి ఓటు నల్లవాడికి పనికిరాలేదు గాని దొరకి భేషుగ్గా పనికొచ్చింది.

1901లో కొత్త రాజ్యాంగం రాయడానికి మాంట్‌గామరీలో 155 మంది ప్రతినిధులు సమావేశమయ్యారు. అందరూ తెల్లవాళ్ళే. అధ్యక్షుడు జాన్ నాక్స్ తన ప్రారంభోపన్యాసంలో దాపరికం లేకుండా, అమెరికా రాజ్యాంగం విధించిన హద్దులు దాటకుండా ఈ రాష్ట్రంలో తెల్లవాళ్ళ ఆధిపత్యాన్ని స్థాపించడమే మన పని అన్నాడు. హద్దులు దాటకుండా అన్న మాట ముఖ్యం. జాతిని బట్టి ఓటు నిరాకరించరాదని పదిహేనో సవరణ చెబుతోంది. కాబట్టి జాతి అన్న మాట రాయకుండా ఆ పనే జరిగేట్టు నిబంధనలు రాయాలి.

రాశారు. రాష్ట్రంలో రెండేళ్ళు, కౌంటీలో ఏడాది, ఊళ్ళో మూడు నెలలు నివాసం ఉండాలి. ఏటా పంట అయిపోగానే ఒక దొర దగ్గరనుంచి ఇంకో దొర దగ్గరికి మారే కౌలు కుటుంబాలకి ఇదే పెద్ద గండం. అమెరికా రాజ్యాంగంలోని ఏ అధికరణమైనా చదివి రాయగలగాలి, లేదా నలభై ఎకరాల నేలో మూడువందల డాలర్ల ఆస్తో ఉండాలి. ఏడాదికి డాలరున్నర చొప్పున పోల్ టాక్స్ కట్టాలి. ఒక ఏడాది కట్టకపోతే బాకీ మరుసటి ఏడాదికి కలుస్తుంది, ఇరవై ఒకటో ఏట నుంచి నలభై అయిదో ఏటి దాకా. అలా ముప్ఫయ్యారు డాలర్ల దాకా పేరుకోవచ్చు. చేతికి రొక్కం ఎప్పుడో గాని రాని మనిషికి అది కొండంత అప్పు. ఇవికాక కొన్ని నేరాలు చేసినవాళ్ళకి ఓటు ఉండదన్నారు. ఆ జాబితాలో పనీపాటా లేకుండా తిరగడం కూడా ఉంది. నల్లవాళ్ళ మీద ఎక్కువగా మోపే నేరాలేవో చూసి ఏరి పెట్టిన జాబితా అది. అందులో ఒక భాగాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1985లో కొట్టేసింది. అంటే ఎనభై నాలుగేళ్ళు నడిచింది.

మరి చదువురాని తెల్లవాళ్ళ సంగతేమిటి? వాళ్ళ కోసం 1903 మొదటిదాకా ఒక దొడ్డిదారి తెరిచి ఉంచారు. యుద్ధాల్లో సైనికుడిగా పనిచేసినవాడు, అలాంటివాడి వంశంలో పుట్టినవాడు, లేదా సత్ప్రవర్తన ఉండి పౌరుడి బాధ్యతలు తెలిసినవాడు ఆ లోపల నమోదైతే జీవితాంతం ఓటరే. సత్ప్రవర్తన ఉందో లేదో తేల్చేది ముగ్గురు రిజిస్ట్రార్లు. వాళ్ళు తెల్లవాళ్ళు.

ఈ రాజ్యాంగాన్ని 1901 నవంబరులో ప్రజల ఓటుకి పెట్టారు. అనుకూలం 1,08,613, వ్యతిరేకం 81,734. ఈ లెక్కని కౌంటీల వారీగా విడదీస్తే మతి పోతుంది. పన్నెండు బ్లాక్ బెల్ట్ కౌంటీలు తీసేస్తే మిగతా రాష్ట్రంలో ఆ రాజ్యాంగం ఓడిపోయింది: అనుకూలం 72,389, వ్యతిరేకం 76,263. దాన్ని గెలిపించింది నల్లవాళ్ళు అధికంగా ఉన్న కౌంటీలే. డాలస్, హేల్, విల్కాక్స్ అనే మూడు కౌంటీల్లో ఓటు వయసున్న తెల్ల మగవాళ్ళు మొత్తం 5,623 మంది. ఆ మూడింటిలో అనుకూలంగా లెక్కకొచ్చిన ఓట్లు 17,475, వ్యతిరేకంగా 508. తమ ఓటు తీసెయ్యండి మహాప్రభో అని వేలాది నల్లవాళ్ళు బారులు తీరి ఓటేశారని ఆ కాగితాలు చెబుతున్నాయి. చివరిసారి వాళ్ళ పేరు మీద వేసిన ఓట్లు అవి.

ఫలితం రెండేళ్ళలోనే కనపడింది. 1900లో అలబామాలో ఓటు వయసున్న నల్ల మగవాళ్ళు లక్షా ఎనభై వేలకి పైచిలుకు. 1903 నాటికి పుస్తకంలో మిగిలినవాళ్ళు 2,980. చదవడం, రాయడం వచ్చినవాళ్ళే డెబ్బై వేలకి పైగా ఉన్నారు కాబట్టి ఇది చదువు మీద పెట్టిన పరీక్ష కాదని వేరే చెప్పక్కరలేదు. పేద తెల్లవాళ్ళకి కూడా దెబ్బ తగిలింది. 1940ల మొదటికి అలబామాలో ఓటు పోగొట్టుకున్నవాళ్ళలో నల్లవాళ్ళు 5,20,000 అయితే తెల్లవాళ్ళు 6,00,000 అని అంచనా. కొండప్రాంతాల రైతులు 1901లో ఎందుకు వద్దన్నారో దీన్నిబట్టి తెలుస్తుంది.

కోర్టుకెళ్ళలేదా అంటే వెళ్ళారు. మాంట్‌గామరీలో తపాలా శాఖ ఉద్యోగి జాక్సన్ గైల్స్ దావా వేశాడు. ఖర్చులు బుకర్ టి. వాషింగ్టన్ రహస్యంగా భరించాడు. బహిరంగ సభల్లో ఓపిక పట్టమని చెప్పే పెద్దమనిషి తెరవెనక లాయరు ఫీజులు కట్టాడన్నమాట. 1903లో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి కేసు కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ హోమ్స్ తర్కం ఇది: ఈ నమోదు విధానమంతా మోసమని నువ్వే అంటున్నావు, మరి ఆ మోసపు జాబితాలోకి నీ పేరు ఎక్కించమని మేమెలా ఆజ్ఞాపిస్తాం? రాష్ట్రంలోని తెల్లవాళ్ళంతా కలిసి చేస్తున్న పని అయితే కోర్టు కాగితం దాన్ని ఆపలేదు, రాజకీయ అన్యాయానికి విరుగుడు రాజకీయాల్లోనే వెతుక్కో. ఓటే లేనివాడు రాజకీయాల్లో ఎలా వెతుక్కుంటాడో ఆయన చెప్పలేదు. హోమ్స్‌ని మహా న్యాయమూర్తుల్లో ఒకడిగా పాఠాల్లో చెబుతారు. ఈ తీర్పు గురించి చెప్పడం తక్కువ.

1944లో తెల్లవాళ్ళకే పరిమితమైన ప్రైమరీ ఎన్నికలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పాక అలబామా ఇంకో మెలిక పెట్టింది. 1946లో చేసిన బాస్వెల్ సవరణ ప్రకారం రాజ్యాంగాన్ని చదివితే చాలదు, అర్థం చెప్పాలి. 1949లో దాన్ని కొట్టేశారు. ఇంకోటి వచ్చింది. ఒకదాన్ని కొట్టేసేలోపల మరోటి.

1960ల నాటికి లౌండ్స్ కౌంటీలో నమోదు కార్యాలయం నెలకి రెండు రోజులు, మొదటి సోమవారం, మూడో సోమవారం తెరిచేవారు. దరఖాస్తు నాలుగు పేజీలు. ఇప్పటికే ఓటరైన ఒకరు ఇతను నాకు తెలుసు అని హామీ ఇవ్వాలి. పుస్తకంలో ఒక్క నల్లవాడు కూడా లేనప్పుడు ఆ హామీ ఇచ్చేదెవరు? మన ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే లాగిన్ అవ్వడానికి పాస్‌వర్డ్ కావాలి, పాస్‌వర్డ్ కావాలంటే లాగిన్ అవ్వాలి.

వాళ్ళు ఓటెయ్యరండీ, పట్టించుకోరు అనే మాట మన విందుల్లో, వారాంతపు కబుర్లలో నేను చాలాసార్లు విన్నాను. బాగా చదువుకున్నవాళ్ళ నోటే విన్నాను. అలాంటివాళ్ళు మేకన్ కౌంటీ కథ తెలుసుకోవాలి. టస్కీగీ విద్యాసంస్థ అక్కడే ఉంది, నల్లజాతి మాజీ సైనికుల ఆసుపత్రీ అక్కడే. డాక్టరేట్లున్న ప్రొఫెసర్లు, వైద్యులు అక్కడి రిజిస్ట్రార్ల దగ్గర పరీక్ష తప్పేవారు. బోర్డు సభ్యులు రాజీనామా చేసి నెలల తరబడి బోర్డే లేకుండా పోయిన రోజులున్నాయి. 1957లో రాష్ట్ర శాసనసభ టస్కీగీ పట్టణపు హద్దులనే మార్చేసింది. చతురస్రంగా ఉన్న ఊరు ఇరవై ఎనిమిది భుజాల ఆకారమైంది. ఊళ్ళో ఉన్న నాలుగువందల మంది నల్ల ఓటర్లలో నలుగురో అయిదుగురో లోపల మిగిలారు. తెల్ల ఓటరు ఒక్కడు కూడా బయటికి పోలేదు. టస్కీగీలో సమాజశాస్త్రం చెప్పే చార్లెస్ గొమిలియన్ పేరు మీద నడిచిన ఈ కేసులో 1960లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా నల్లవాళ్ళ పక్షాన నిలిచింది.

ఇక్కడినుంచి పుస్తకాలే కథానాయకులు. 1957 చట్టంతో ఏర్పడ్డ సివిల్ రైట్స్ కమిషన్ 1958 డిసెంబరులో మాంట్‌గామరీలో విచారణ పెట్టి, మీ నమోదు పుస్తకాలు తీసుకురండి అని రిజిస్ట్రార్లని అడిగింది. వాళ్ళు చూపించం అన్నారు. బార్బర్, బుల్లక్ కౌంటీల పుస్తకాలని అక్కడి సర్క్యూట్ జడ్జి తన స్వాధీనంలోకి తీసుకుని, ఎవరొచ్చి అడిగినా ఇవ్వనన్నాడు. ఆయన పేరు జార్జ్ వాలెస్, తరవాత గవర్నరైనవాడే. ఫెడరల్ జడ్జి ఫ్రాంక్ జాన్సన్ ఇచ్చి తీరాలన్నాడు. ఇద్దరూ లా కాలేజీలో సహాధ్యాయులు. వాలెస్ పుస్తకాలని గ్రాండ్ జూరీలకి అప్పగించి, వాళ్ళ చేత కమిషన్‌కి చూపించి, బయటికొచ్చి మాత్రం నేను లొంగలేదని చాటుకున్నాడు. జాన్సన్ ధిక్కార నేరం కొట్టేస్తూ, ఈయన చెప్పింది చెయ్యనే చేశాడని తీర్పులో రాశాడు. వాలెస్ ఆ అవమానం చాలాకాలం మరిచిపోలేదు.

పుస్తకాలంటే ఎందుకంత భయం? ఎందుకంటే సాక్షిని బెదిరించవచ్చు, కాగితాన్ని బెదిరించలేం. 1960లో వచ్చిన చట్టం, ఎన్నికల తరవాత ఇరవై రెండు నెలలపాటు నమోదు కాగితాలు దాచాలనీ, అటార్నీ జనరల్ అడిగితే చూపాలనీ నిర్బంధించింది. న్యాయశాఖ లాయర్లు మేకన్ దరఖాస్తులన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే రకం తప్పు తెల్లవాడి కాగితంలో ఉంటే ఆమోదం, నల్లవాడి కాగితంలో ఉంటే తిరస్కారం. తెల్లవాళ్ళ దరఖాస్తులు నింపడానికి బోర్డువాళ్ళే సాయపడ్డట్టు కూడా తేలింది. 1961 మార్చిలో జడ్జి జాన్సన్ అరవై నలుగురు నల్లవాళ్ళని పేరుపేరునా నమోదు చెయ్యమని ఆజ్ఞాపించాడు. హోమ్స్ చెయ్యలేనన్న పని అదే.

లౌండ్స్‌లో అంతమాత్రం కూడా జరగలేదు. టస్కీగీలో ప్రొఫెసర్ల జీతాలు దొరల చేతిలో లేవు. లౌండ్స్‌లో తిండి, ఇల్లు, విత్తనాలు, అప్పు అన్నీ దొర చేతిలోనే. 1965 మార్చి 1న మొదటిసారి ముప్ఫై మందికి పైగా నల్లవాళ్ళు హేన్‌విల్ కోర్టుకి వెళ్ళారు. తిప్పి పంపేశారు. రెండు వారాల తరవాత నమోదు పాత జైల్లో పెట్టారు, అక్కడికొస్తే ఏమవుతుందో గుర్తుండేటట్టు. ఆ రోజున జాన్ హ్యూలెట్ అనే ఆయనా, చూపు లేని ఒక వృద్ధ ప్రబోధకుడూ పుస్తకంలోకెక్కారు. సున్నా రెండయింది.

ఆ నెలాఖర్లోనే సెల్మా నుంచి మాంట్‌గామరీకి పాదయాత్ర ఈ కౌంటీ గుండానే సాగింది. యాత్ర ముగిసిన మార్చి 25 రాత్రి, జనాన్ని కారులో దింపుతున్న డెట్రాయిట్ గృహిణి వయొలా లియుజోని ఎనభయ్యో నంబరు హైవే మీద కాల్చి చంపారు. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం మీద సంతకం అయింది. వెంటనే ఫెడరల్ రిజిస్ట్రార్లు కౌంటీలోని ఫోర్ట్ డిపాజిట్‌లో బల్ల వేసుకుని కూర్చున్నారు. అక్షర పరీక్ష లేదు, హామీ లేదు. జనం వరస కట్టారు. ఆగస్టు 20న జోనథన్ డేనియల్స్ అనే మతవిద్యార్థిని హేన్‌విల్‌లో పట్టపగలు కాల్చి చంపారు. అంతా తెల్లవాళ్ళే ఉన్న జూరీ హంతకుణ్ణి వదిలేసింది. ఆ కౌంటీ జూరీల్లోంచి నల్లవాళ్ళనీ, ఆడవాళ్ళనీ తప్పించడం చెల్లదని 1966 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు చెప్పింది.

ఓటు నమోదు చేసుకున్న కౌలు కుటుంబాలని ఆ చలికాలంలోనే దొరలు ఖాళీ చేయించారు. వాళ్ళంతా హైవే పక్కన గుడారాల్లో ఉన్నారు. ఆ గుడారాలు దాదాపు రెండేళ్ళున్నాయి.

ఇక పార్టీ సంగతి. స్థానిక డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీలో నిలబడే రుసుము యాభై డాలర్ల నుంచి అయిదువందలకి పెంచింది. దాంతో నల్లవాళ్ళు స్టోక్లీ కార్మైకేల్ తదితర యువకుల తోడ్పాటుతో సొంత పార్టీ పెట్టుకున్నారు. అలబామా చట్టం ప్రకారం పార్టీకి గుర్తుండాలి. ఎన్నికల గుర్తులు చూసి పెరిగిన మనకి ఇది ఇట్టే అర్థమవుతుంది. అలబామా డెమొక్రాట్ల గుర్తు తెల్ల కోడిపుంజు, దానిమీద తెల్లవాళ్ళ ఆధిపత్యం అన్న మాటలు 1966 దాకా ఉన్నాయి. లౌండ్స్ పార్టీవాళ్ళు నల్ల చిరుతని ఎంచుకున్నారు. కాలిఫోర్నియాలో ఆ పేరుతో వచ్చిన పార్టీ ఈ గుర్తునే తీసుకుంది.

ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. 1935 చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో ఓటు కావాలంటే ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు చూసేవారు. 1951-52 ఎన్నికలకి వాటిని తీసిపారేశారు. పదిహేడు కోట్లకి పైగా ఓటర్లు, ఎక్కువమంది చదువురానివాళ్ళు, గుర్తు చూసి కాగితం వేశారు. మనదీ మచ్చలేని పుస్తకం కాదు: ఫలానావాడి భార్య అని తప్ప సొంత పేరు చెప్పని దాదాపు ఇరవై ఎనిమిది లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాలోకి రాలేదు. కానీ చదువు రానివాడికి గుర్తు ఇచ్చి ఓటెయ్యమన్న దేశమూ, చదువు వచ్చినవాడికి పరీక్ష పెట్టి ఓటు వద్దన్న రాష్ట్రమూ ఒకే కాలంలో ఉన్నాయి. ఇంకో మాట. మనలో ఎక్కువమంది ఈ దేశానికి రావడానికి దారి తీసిన వలస చట్టం మీద జాన్సన్ సంతకం పెట్టింది 1965 అక్టోబరు 3న, ఓటు హక్కుల చట్టం తరవాత రెండు నెలలకి. రెండూ ఒకే కాంగ్రెసు చేసినవి.

ఓటు హక్కుల చట్టంలో పదునంతా ఒక సూత్రంలో ఉంది. పాత చరిత్ర ఉన్న చోట ఎన్నికల నియమాలు మార్చాలంటే ముందుగా ఫెడరల్ అనుమతి కావాలి. ఏ చోట్లకి వర్తిస్తుందో తేల్చే ఆ సూత్రాన్ని 2013లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి కొట్టేసింది. ఆ కేసు వేసింది కూడా అలబామాలోని ఒక కౌంటీయే, షెల్బీ.

1966 నవంబరు ఎన్నికల్లో చిరుత గుర్తు మీద నిలబడ్డ ఏడుగురూ ఓడిపోయారు. దొరలు తమ కౌలుదార్లని బళ్ళెక్కించి తెచ్చి ఓటేయించారు. అయినా గుర్తింపుకి కావలసిన ఇరవై శాతం ఓట్లు దాటాయి. 1970లో జాన్ హ్యూలెట్ కౌంటీ షెరీఫ్‌గా గెలిచాడు. ఇరవై రెండేళ్ళు ఆ పదవిలో ఉన్నాడు. తరవాత ప్రొబేట్ జడ్జి అయ్యాడు. అలబామాలో కౌంటీ ఎన్నికలు నడిపే అధికారి ప్రొబేట్ జడ్జే.